తాళి తర్వాత సంతకం

రాత్రి పదకొండు దాటింది. కిటికీ మూసినా కుర్లా లోకల్ రైళ్ల చప్పుడు గదిలోకి వస్తూనే ఉంది. పక్క మంచం మీద నాన్న గురక మొదలైంది. విజయవాడలో కోణార్క్ ఎక్కింది మొదలు ఫైలును ఒళ్లోంచి దించని మనిషి, నిద్ర ముంచుకొచ్చాక గానీ మీ చేతికివ్వలేదు. ఇప్పుడు మీ మంచం నిండా కాగితాలే.

పొద్దున్నే బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లోని అమెరికా కాన్సులేట్‌లో మీ ఇంటర్వ్యూ. హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉండగా ముంబయి దాకా ఎందుకని తెనాలిలో అడగనివాళ్లు లేరు. చదువుకో, ఉద్యోగానికో, చూసి రావడానికో వెళ్లేవాళ్లకు హైదరాబాద్ సరిపోతుంది. అక్కడే ఉండిపోవడానికి, మొగుడి దగ్గరికి కాపురానికి వెళ్లే మీలాంటివాళ్ల కేసు ముంబయికి వస్తుంది. కేసు నంబరు మొదట్లో బీఎంబీ అని మూడక్షరాలు. ఈ ఊరి పేరు 1995లోనే మారింది గానీ అమెరికా ఖాతాలో ఇంకా బొంబాయే.

ఒక్కో కాగితం తీసి వరుసలో పెడుతున్నారు. అన్నిటికంటే పాతది ఐ-130 రసీదు. మాఘమాసంలో పెళ్లి. మూడు వారాలకే మీ ఆయన సెలవు అయిపోయి టెక్సస్‌లోని ఇర్వింగ్‌కి వెళ్లిపోయారు. దిగిన వారానికే కంప్యూటర్ ముందు కూర్చుని, 'ఈమె నా భార్య' అని ప్రభుత్వానికి విన్నవించుకుంటూ ఈ దరఖాస్తు పెట్టారు. ఆన్‌లైన్‌లో పెడితే 625 డాలర్లు, కాగితం మీదైతే 675. బదులుగా వచ్చింది మూడక్షరాలు, పది అంకెలు ఉన్న ఒక నంబరు. ఆ నంబరు కొట్టి, 'మీ కేసు అందింది' అన్న అదే వాక్యాన్ని మీరిద్దరూ చెరో ఖండంలో ఏడాదికి పైగా చదువుకున్నారు.

నిజానికి మీది పొట్టి దారి. మీ ఆయన అమెరికా పౌరుడు. పౌరుల భార్యలకు, భర్తలకు ఏటా ఇన్నే అన్న పరిమితి లేదు. ఇర్వింగ్‌లో ఆయనతో ఒకే ఫ్లాట్‌లో ఉంటున్న వాళ్ల బాబాయి కొడుకు సంగతి వేరు. హెచ్1బీ మీద ఉద్యోగం, 2016 నాటి తేదీతో గ్రీన్‌కార్డు వరుసలో నిలబడ్డాడు, ఇంకా కదల్లేదు. ఏ దేశం వాళ్లకైనా ఏటా ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్న నియమం అతని దారికి అడ్డం. ఆ దేశంలో అడుగైనా పెట్టని మీకు అతనికంటే ముందు కార్డు వస్తుంది. "వదినా, మీరొచ్చి నన్ను స్పాన్సర్ చెయ్యండి" అని వీడియో కాల్లో నవ్వుతాడు. ఆ నవ్వులో సగమే హాస్యం.

రెండో కట్ట మీరు పుట్టారన్న రుజువు. మీరు పుట్టిన నర్సింగ్ హోమ్ ఇప్పుడు లేదు. అక్కడ చెప్పుల షాపు ఉంది. పురపాలక సంఘం పుస్తకంలో మీ పేరూ లేదు. రికార్డులో లేదని ఒక సర్టిఫికెట్ తెచ్చుకోమన్నారు. కౌంటర్ దగ్గర అమ్మ కోపం మీకింకా గుర్తే: "మా పిల్ల పుట్టలేదని రాసిస్తారా మీరు? నొప్పులు పడింది నేను!" గుమస్తా ఓపిగ్గా చెప్పాడు, "పుట్టలేదని కాదమ్మా, మా దగ్గర లేదని." దానికి తోడు అమ్మ ఒక అఫిడవిట్, పెద్దమ్మ ఒక అఫిడవిట్. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది కాబట్టి రెండూ ఒకరేనని మరో అఫిడవిట్. వీటికింద పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చిన పోలీసు క్లియరెన్సు, హైదరాబాద్‌లో చేయించుకున్న మెడికల్ తాలూకు కాగితాలు. ఛాతీ ఎక్స్‌రే తీశారు, రక్తం తీశారు. చిన్నప్పటి టీకాల కార్డు దొరకలేదంటే రెండు చేతులకీ మళ్లీ టీకాలు పొడిచారు.

మూడో కట్ట మీ పెళ్లి. ఇది లావుగా ఉంది, అయినా మీకు భయం దీని గురించే.

ఆరువందల మంది అక్షింతలు వేశారు. వాళ్లలో ఒక్కరినీ రేపు లోపలికి తీసుకెళ్లలేరు. అక్కడికి వెళ్లేది సబ్ రిజిస్ట్రార్ ఇచ్చిన పెళ్లి సర్టిఫికెట్, ఇరవై ఫొటోలు. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి చట్టం ప్రకారం ప్రతి పెళ్లీ నమోదు కావాల్సిందే. ఎంతమంది చేయిస్తారో తెనాలి వాళ్లకి తెలుసు. మీ ఆయన విమానం ఎక్కేలోపు చేయించాలని నాన్న సత్యనారాయణ వ్రతం మర్నాడే ఇద్దర్నీ ఆఫీసుకి లాక్కెళ్లారు. ఫొటోల పని ఇంకా కష్టం. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు మధ్యలో తెర. తలంబ్రాలప్పుడు మీ కళ్లు మూతలు పడి ఉన్నాయి. పంతులుగారి భుజం లేని ఫొటో దొరకడానికి ఒక సాయంత్రం పట్టింది. ఒక్కో ఫొటో వెనక తేదీ, ఊరు, ఎవరెవరో రాశారు.

పెళ్లి తర్వాత మీరు భార్యాభర్తల్లా ఉన్నారన్న రుజువు దొరకడం అసలు చిక్కు. ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఇద్దరి పేర్ల మీద అద్దె ఒప్పందం, ఒకే ఇంటి చిరునామాకు వచ్చే బిల్లులు: కలిసి బతికేవాళ్లకి ఇవన్నీ వాటంతటవే పోగవుతాయి. కలిసి బతకడానికే కదా మీరు అడుగుతున్నది! అందుకే దూరం వదిలిన గుర్తులన్నీ ఏరుకొచ్చారు. ఆయన మళ్లీ వచ్చి వెళ్లిన ప్రయాణాల బోర్డింగ్ పాసులు, వాట్సాప్ కాల్ జాబితాలు, జీవిత బీమాలో లబ్ధిదారుగా మీ పేరు చేర్చిన కాగితం. ఆయన మొదటిసారి మీ ఖాతాలో డబ్బు వేసినప్పుడు నాన్నకి పౌరుషం వచ్చింది: "మా పిల్లకి మేం పెట్టుకోలేమా? వద్దని చెప్పు." అది రుజువుగా పనికొస్తుందని తెలిశాక, "సరే, పంపమను. ఒక్క నెల కూడా తప్పొద్దని చెప్పు" అన్నారు.

అడుగున మిగిలింది నాలుగో కట్ట. ఐ-864. న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని పోర్ట్స్‌మత్‌లో ఉన్న నేషనల్ వీసా సెంటర్‌కి మీ ఆయన 325 డాలర్లు ఒకసారి, 120 డాలర్లు ఇంకోసారి కట్టి, తన పన్ను పత్రాలతో కలిపి పంపిన పోషణ హామీ పత్రం ఇది. ఇన్నాళ్లూ దీన్ని మీరు తిప్పి చూడలేదు. ఆయన జీతం లెక్కలే కదా అనుకున్నారు. ఇద్దరున్న కుటుంబానికి 2025లో అమెరికా గీసిన పేదరికపు రేఖ 21,150 డాలర్లు. స్పాన్సర్ దానికి నూట పాతిక శాతం, అంటే దాదాపు 26,437 డాలర్లు సంపాదిస్తున్నట్టు చూపాలి. మీ ఆయనకి అది పెద్ద పని కాదు.

నిద్ర పట్టక చదవడం మొదలుపెట్టారు. ఆదాయం లెక్కల పేజీలు దాటాక స్పాన్సర్ ఒప్పందం అన్న భాగం వచ్చింది. రెండుసార్లు చదివారు. భార్య ఆదాయం ఆ గీత కిందకి పడిపోకుండా పోషిస్తానని ఆయన ప్రభుత్వానికి రాసిచ్చారు. పోషించకపోతే కోర్టుకి వెళ్లే హక్కు ప్రభుత్వానికే కాదు, మీకూ ఉంది. ఈ హామీ ఎప్పుడు తీరుతుందో కూడా అక్కడే ఉంది. మీరు పౌరసత్వం తీసుకుంటే, లేదా సుమారు పదేళ్ల పనికి సమానమైన నలభై క్వార్టర్లు మీ ఖాతాలో పడితే, లేదా గ్రీన్‌కార్డు వదులుకుని దేశం విడిచి వెళ్లిపోతే, లేదా ఇద్దరిలో ఎవరైనా కన్నుమూస్తే. విడాకులతో మాత్రం తీరదు.

ఫోన్ తీశారు. ఇర్వింగ్‌లో ఇప్పుడు పట్టపగలు. మొదటి రింగుకే ఎత్తారు.

"ఇంకా పడుకోలేదా? పొద్దున్నే లేవాలి."

"ఏవండీ, ఈ ఎనిమిది వందల అరవై నాలుగు చదివే సంతకం పెట్టారా?"

"చదివాను. చివరి పేజీలు కొంచెం త్వరత్వరగా. ఏం, తప్పేమైనా పడిందా?"

"తప్పేం లేదు. విడాకులిచ్చినా మీరు నన్ను పోషించాలట."

అటువైపు కాసేపు కాఫీ మిషన్ చప్పుడు. తర్వాత నవ్వు. "రేపు ఇంటర్వ్యూ పెట్టుకుని ఈ రాత్రి విడాకుల దాకా వెళ్లావా? అది ఫార్మాలిటీ."

ఫార్మాలిటీ కాదు. 1996కి ముందు ఇలాంటి హామీలు ఉండేవి గానీ, అవి నైతిక బాధ్యతలే తప్ప చట్టం ముందు నిలవవని కోర్టులు కొట్టేసేవి. ఆ ఏడాది వచ్చిన వలస చట్టం దానికి పళ్లు పెట్టింది. 1997 డిసెంబర్ నుంచి ఈ కొత్త పత్రం మీద సంతకం పడుతోంది. విడాకులైన ఒక భార్య ఉద్యోగం వెతుక్కోలేదు కాబట్టి తాను పోషించనక్కర్లేదని ఒక భర్త వాదిస్తే, చికాగోలోని ఏడో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2012లో ఒప్పుకోలేదు. భరణం అడగనని పెళ్లికి ముందే రాయించుకున్నా ఈ హామీ రద్దు కాదని 2016లో తొమ్మిదో సర్క్యూట్ చెప్పింది. ఇక్కడ పెళ్లి కుదిరేటప్పుడు పిల్లాడి జీతం, ఇల్లు, వీసా అన్నీ ఆరా తీసే పెద్దలు ఈ కాగితం సంగతి అడగరు. ఉందని తెలియదు కాబట్టి. తెలియక, కాపురం చెడి అక్కడ ఒంటరిగా మిగిలిన ఆడపిల్ల చేతిలో ఈ హక్కు ఉండీ లేనట్టే.

పేజీలు సర్ది ఫైలులో పెట్టారు. ఐ-864ని మాత్రం ఒక్కో పేజీ ఫోన్‌తో ఫొటో తీసి, మీ మెయిల్‌కి మీరే పంపుకున్నారు.

పొద్దున ఏడున్నర. బీకేసీలో అద్దాల మేడల మీద ఎండ అప్పుడే పడుతోంది. వజ్రాల మార్కెట్ వైపు వెళ్లే ఆటోలు, కాన్సులేట్ గోడ వెంట వరుస. ఫోనూ సంచీ లోపలికి రానివ్వరు. ఫోన్ నాన్న చేతిలో పెట్టారు. "భయపడకు తల్లీ, అడిగిందానికే చెప్పు" అన్నారు. ఆ మాట ఆయన గొంతులోనే వణికింది.

భద్రతా తనిఖీ దాటాక లోపల హాలు నిండా కుర్చీలు. పంజాబీ, గుజరాతీ, మలయాళం మాటల మధ్య వెనక వరుసలో ఎవరో "టోకెన్ ఎంతొచ్చిందండీ" అంటుంటే ప్రాణం లేచొచ్చింది. మొదటి కిటికీలో కాగితాలు సరిచూశారు. అసలు ప్రతులు చూసి, జిరాక్సులు ఉంచుకున్నారు. తర్వాత వేలిముద్రలు. మళ్లీ కుర్చీ.

పక్కన కూర్చున్నావిడది సూరత్. న్యూజెర్సీలో భర్త. కిందటిసారి 221(జి) చీటీ ఇచ్చి, ఇంకా కాగితాలు కావాలన్నారట. ఆవిడ మళ్లీ వచ్చింది. "మా ఆయన అక్కడ పౌరుడు కదా, భార్యను తెచ్చుకునే హక్కు ఆయనకి లేదా?" అంటుంది హిందీలో. ఆ ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భర్త వీసాను కాన్సులేట్ తిరస్కరించిందని ఒక అమెరికా పౌరురాలు వేసిన కేసులో, విదేశీ జీవిత భాగస్వామిని దేశంలోకి రప్పించుకోవడం పౌరులకి రాజ్యాంగం ఇచ్చిన మౌలిక హక్కు కాదని 2024 జూన్‌లో తీర్పు వచ్చింది. స్పాన్సర్ అడగగలరు, హామీ ఇవ్వగలరు. తలుపు తీయడం మాత్రం ఆ కిటికీ వెనక కూర్చున్న అధికారి చేతిలో ఉంది. ఈ సంగతి ఆవిడకి ఇప్పుడు చెప్పాలనిపించలేదు. "అయిపోతుంది లెండి" అన్నారు.

మీ నంబరు వెలిగింది.

అద్దం వెనక ముప్పై ఏళ్ల లోపు అమ్మాయి. కుడి చెయ్యి ఎత్తి, చెప్పేదంతా నిజమేనని ప్రమాణం చేయమంది. చేశారు.

"మీ భర్త ఎక్కడుంటారు? ఏం పని?" చెప్పారు.

"ఎలా పరిచయం?"

"మా మేనత్త వాళ్ల ఊరివాళ్లు. పెద్దవాళ్లు చూశారు."

"పెళ్లికి ముందు ఎన్నిసార్లు కలిశారు?"

"రెండుసార్లు."

ఆమె వేళ్లు కీబోర్డు మీద ఆగాయి. "రెండుసార్లకే ఎలా నిర్ణయించుకున్నారు?"

దీనికి వల్లెవేసిన జవాబు ఒకటుంది: 'మా కుటుంబాలు, మా సంప్రదాయం' అని మొదలవుతుంది. అది నోట్లోకి రాలేదు. వచ్చింది వేరే. "మొదటిసారి ఆయన తనకి చదువు అప్పు ఉందని చెప్పారు. రెండోసారి ఎంత ఉందో, ఎప్పటికి తీరుతుందో ఒక కాగితం మీద రాసుకొచ్చి చూపించారు. అంతకుముందు చూసిన సంబంధాల్లో ఎవరూ అప్పు సంగతి ఎత్తలేదు."

ఆ అమ్మాయి మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. టైప్ చేసింది.

"ఇంట్లో ఆయనతో ఇంకెవరుంటారు?"

"వాళ్ల బాబాయి కొడుకు. నేను వెళ్లాక అదే కాంప్లెక్స్‌లో వేరే ఫ్లాట్‌కి మారతాడు."

"ఆయనకి ఇంతకుముందు పెళ్లయిందా?"

"లేదు."

ఫొటోలు అడిగింది. ఇరవైలో మూడు చూసింది. పంతులుగారి భుజం లేని ఫొటో అందులో లేదు. బోర్డింగ్ పాసులు తిప్పింది. కాల్ జాబితా ముట్టుకోనే లేదు. మొత్తం పది నిమిషాలు కూడా కాలేదు.

చివర గొంతు మార్చి, చదివినట్టు కాకుండా మెల్లగా చెప్పింది. అమెరికాలో గృహహింస నేరం. వలస వచ్చినవాళ్లకీ పోలీసుల సాయం అడిగే హక్కుంది. భర్త హింసిస్తే, ఆయన సంతకం అక్కర్లేకుండా సొంతంగా దరఖాస్తు పెట్టుకునే దారి కూడా ఉంది. జీవిత భాగస్వామి వీసాకి వచ్చినవాళ్లకి హక్కుల కరపత్రం సారాంశాన్ని నోటితో చెప్పడం అధికారి బాధ్యత. అర్థమైందా అని అడిగింది. అర్థమైందన్నారు. రాత్రి ఆ పేజీలు చదవకపోయి ఉంటే, ఈ మాటలు విమానంలో సీటు బెల్టు గురించి చెప్పే మాటల్లా చెవి పక్క నుంచి పోయేవి.

"మీ వీసా ఆమోదించాం. పాస్‌పోర్టు మా దగ్గర ఉంటుంది."

బయట నాన్న చెట్టు నీడన నిలబడే ఉన్నారు. దూరం నుంచే మీ నడక చూసి సంగతి పట్టేశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, తర్వాత ఫోన్ ఇచ్చారు. ఇర్వింగ్‌లో అర్ధరాత్రి దాటింది. మీ ఆయన నిద్రపోలేదు.

"వచ్చేసింది" అన్నారు మీరు.

కాసేపు ఇద్దరూ మాట్లాడలేకపోయారు. తర్వాత ఆయన గబగబా మొదలుపెట్టారు: "డిసెంబర్ మూడో వారంలో టికెట్ చూస్తాను. క్రిస్మస్ సెలవులు కలిసొస్తాయి."

ఇది ముందే ఆలోచించి పెట్టుకున్నారు మీరు. రాత్రి నిద్రపట్టక చదివింది ఐ-864 ఒక్కటే కాదు. పెళ్లయి రెండేళ్లు నిండకముందు అమెరికాలో దిగితే షరతులతో కూడిన కార్డు ఇస్తారు. దాని గడువు రెండేళ్లే. దొంగ పెళ్లిళ్లను అడ్డుకోవడానికి 1986లో చేసిన చట్టమది. ఆ గడువు ముగిసే ముందు తొంభై రోజుల్లోపు ఐ-751 అని మరో దరఖాస్తు, 750 డాలర్ల రుసుము, కాపురం నిజమేనని మళ్లీ రుజువుల కట్ట. దాని మీద భార్యతో పాటు భర్త కూడా సంతకం పెట్టాలి. విడాకులైతేనో, హింస ఉంటేనో మినహాయింపు అడగొచ్చు, కాని రుజువు చేసుకునే బరువు ఆమెదే. అదే రెండేళ్లు నిండాక దిగితే నేరుగా పదేళ్ల కార్డు. ఎవరి సంతకం కోసమూ రెండోసారి ఎదురు చూడనక్కర్లేదు. మీకు ఫిబ్రవరిలో రెండేళ్లు నిండుతాయి. మెడికల్ కిందటి నెలే అయింది, వీసాకి ఆరు నెలల గడువు వస్తుంది, ఏప్రిల్ దాకా సమయం ఉంటుంది.

"డిసెంబర్ వద్దండీ. పెళ్లిరోజు దాటాక వస్తాను."

అటువైపు నిశ్శబ్దం. ఇన్నాళ్లు ఆగిన మనిషికి ఇంకో రెండు నెలలంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు. మీకూ అలాగే ఉంది. కారణం చెప్పారు, సెక్షన్లూ నంబర్లూ లేకుండా. ఆయన అప్పుల కాగితం రాసిన మనిషి కదా, లెక్క వెంటనే పట్టేశారు. "750 డాలర్లు మిగులుతాయి" అన్నారు.

"డబ్బు కోసం కాదు. మీరొక సంతకం పెట్టారు, అది చాలు నాకు. రెండోది మీ చేత అడిగి పెట్టించుకునేలా ఉండకూడదు మన కాపురం."

"నన్ను నమ్మట్లేదా?"

"నమ్మబట్టే ఇంత దూరం వచ్చాను. నా కార్డు నా పేరు మీద గట్టిగా ఉంటే, రేపు మీతో పోట్లాడినా భయం లేకుండా పోట్లాడతాను."

ఈసారి నవ్వు నిజంగా వచ్చింది. ఆ నవ్వు నాన్నకీ వినపడింది. ఏమంటున్నాడని సైగ చేశారు. ఫిబ్రవరి అని చూపించారు మీరు. ఆయన తల ఊపిన తీరు చూస్తే, ధనుర్మాసంలో ప్రయాణమేంటని అమ్మతో వాదించాల్సిన పని తప్పినందుకు ఊరట లాగే ఉంది.

"అయితే పెళ్లిరోజుకి నేనే తెనాలి వస్తాను. కలిసే వెళ్దాం" అన్నారు మీ ఆయన. "రేపే సెలవు పెడతాను. దిగాక ఆ 235 డాలర్ల కార్డు ఫీజు ఎవరు కడతారు?"

"మీరే" అన్నారు మీరు. "పోషిస్తానని రాసిచ్చారుగా."